నల్గొండలో ‘ఎకో’ పెళ్లి డెకరేషన్: కట్టుబడికి మంచి మార్కులు, నీళ్లకు సున్నా

నల్గొండ పట్టణంలో ఒక డెకరేషన్ సర్వీసు ‘ఎకో ప్యాకేజీ’ పేరుతో పెళ్లి మండపాలు కడుతోంది. ఫోమ్ ఉండదు, థర్మాకోల్ ఉండదు, ప్లాస్టిక్ పూలు ఉండవు అని మాట. మండపం, స్టేజీ వెనక తెర, గుమ్మాలకు తోరణాలు, ఎదుర్కోళ్ల దగ్గర నాలుగు ఇత్తడి గంగాళాల్లో పూలు, భోజనాల టేబుళ్లకు చిన్న గుత్తులు, తెల్లారి అన్నీ విప్పుకుని పోవడం, ఇంతా కలిపి ఒకటే రేటు. ఎండ నలభై దాటిన వైశాఖంలో ఈ ప్యాకేజీ ఎలా నిలబడిందన్నదే ఈ రివ్యూ. సర్వీసు పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీని ఎవరి దగ్గర మాట్లాడుకున్నా అడగాల్సినవి ఇవే.

ముందు థర్మాకోల్ సంగతి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. చట్టం వద్దన్నదాన్ని మానేసి, దాన్ని కరపత్రంలో గొప్పగా అచ్చేసుకోవడం కొంచెం అతి.

అసలు తేడా ఫోమ్ దగ్గరుంది. పూలకొట్లలో కనిపించే పచ్చ స్పాంజి ఇటుక అదే. అమెరికాలో స్మిథర్స్ అనే ఆయన 1954లో తెచ్చిన సరుకు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపిన రెసిన్‌ను నురగలా పొంగించి చేస్తారు. కాడ గుచ్చితే చాలు, ఎటు వంచితే అటు నిలబడుతుంది, అందుకే పనివాళ్లకు అంత ఇష్టం. కానీ అది మట్టిలో కలవదు, చిన్న చిన్న ముక్కలై పొడి అవుతుంది, అంతే. ఇటుక నానబెట్టిన బకెట్ నీళ్లు కాలవలో పారబోస్తే ఆ పొడంతా మైక్రోప్లాస్టిక్‌గా చెరువు దాకా పోతుంది. ఒకసారి ఆరిపోయిన ఇటుక మళ్లీ సరిగ్గా నీళ్లు పీల్చదు కాబట్టి రెండో పెళ్లికి పనికిరాదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దీన్ని వద్దంది. ‘బయో ఫోమ్’ అని చూపిస్తే తొందరపడి తల ఊపకండి. ఎన్ని నెలల్లో, ఎలాంటి చోట కరుగుతుందో ప్యాకెట్ మీద రాసి ఉందేమో చూడండి.

దీని బదులు ఈ సర్వీసు వాళ్లు వాడింది కోళ్ల జాలీ. ఇక్కడ వాళ్ల పనితనం నిజంగా బాగుంది. రెండంగుళాల కన్ను ఉన్న జాలీని గంగాళం మూతికంటే కాస్త పెద్ద ముక్కగా కత్తిరించి, వదులుగా ఉండలా చుట్టి లోపలికి దించారు. పైనుంచి చూస్తే ఒక కన్ను కింద ఇంకో కన్ను పక్కకు జరిగి కనిపించాలి. కాడ రెండు మూడు చోట్ల ఆనుకుంటేనే నిటారుగా నిలుస్తుంది. తర్వాత పురికొసను మూతి మీదుగా అడ్డంగా, నిలువుగా లాగి కట్టారు. అడుగున నాలుగు గులకరాళ్లు వేశారు, లేకపోతే పొడుగు కాడలు ఒకవైపు బరువై గంగాళమే ఒరుగుతుంది. మామూలు ఫోమ్ ఇటుక పరిమాణమే దాదాపు రెండు లీటర్లు. గంగాళంలో అంతకు ఎన్నో రెట్ల నీళ్లు పడతాయి. ఎండాకాలం పువ్వుకు కావాల్సింది అదే.

తప్పు జరిగింది రెండు గంగాళాల్లో. పెద్ద కన్ను జాలీ అయిపోయిందేమో, అంగుళం కన్ను జాలీని మూడు మడతలు వేసి కుక్కారు. జెర్బెరా కాడ లోపల బోలుగా ఉంటుంది, బలవంతంగా దూర్చితే నలుగుతుంది. నలిగిన చోటు నుంచి పైకి నీళ్లు ఎక్కవు. ఇంకో మాట, కత్తిరించిన జాలీ అంచులు ఇత్తడిని గీరేస్తాయి. ఇంటి గంగాళాలు ఇస్తుంటే అంచులు లోపలికి మడిచారో లేదో చెయ్యి పెట్టకుండా చూసుకోండి.

ఇక నీళ్లు. ఇక్కడే ప్యాకేజీ బోల్తా కొట్టింది. ముందురోజు సాయంత్రం పెట్టిన జెర్బెరాల రేకుల అంచులు మరుసటి రాత్రి రిసెప్షన్‌కల్లా గోధుమరంగు తిరిగాయి. గ్లాడియోలస్ కాడల మీద పై మొగ్గలు విచ్చుకోనే లేదు. ఎండదెబ్బ అని సర్దిచెప్పారు. ఎండకు పువ్వు వాలిపోతుంది. కాడలో బ్యాక్టీరియా చేరి దారి మూసుకుంటే మెడ దగ్గర వంగుతుంది. అంచు మాత్రమే మాడితే అనుమానించాల్సింది భూగర్భజలంలో కరిగి ఉండే ఫ్లోరైడ్‌ను. గంగాళాలు నింపింది హాలు బోరునీళ్లతో.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పేర్లు చెబితే ఫ్లోరైడ్ అంటే ఏంటో ఈ జిల్లాలో ఎవరికీ వివరించనక్కర్లేదు. పటిక, సున్నం కలిపి తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే పెట్టింది. మనుషుల తాగునీటికి లీటరులో 1.5 మిల్లీగ్రాములు హద్దు. జెర్బెరా, గ్లాడియోలస్ లాంటివి మనకంటే సుకుమారం, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గరే వాటికి మచ్చ పడుతుంది. గులాబీ అంతకు మించి తట్టుకుంటుంది. నీళ్లను రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ ఫ్లోరైడ్ పోదు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. మృదువుగా ఉంటాయని సాఫ్ట్‌నర్ నీళ్లు పట్టడం కూడా తప్పే, అందులోని సోడియం గులాబీకీ కార్నేషన్‌కూ పడదు. కాబట్టి గంగాళాలకు నల్లా ద్వారా వచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ పోయించాలి. లీటరుకు రెండు టీస్పూన్ల చక్కెర, ఒక నిమ్మచెక్క రసం, పావు టీస్పూను బ్లీచింగ్ ద్రావణం కలిపితే సరిపోతుంది. చక్కెర పువ్వుకు తిండి, నిమ్మరసం నీళ్లు కాడలోకి ఎక్కడానికి, బ్లీచింగ్ బ్యాక్టీరియాను ఆపడానికి. బ్లీచింగ్ వేయకుండా చక్కెర ఒక్కటే వేస్తే బ్యాక్టీరియాకు విందు పెట్టినట్టే. నీళ్లలో మునిగే ఆకులన్నీ ముందే దూసేయాలి.

జెర్బెరా అసలు ఎందుకు పెట్టినట్టు? ‘స్థానిక పూలు’ అని చెప్పిన ప్యాకేజీలో జెర్బెరా, ఊదారంగు ఆర్కిడ్, పచ్చ చామంతి ఉన్నాయి. ఆ ఆర్కిడ్ మన మార్కెట్లకు ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి విమానంలో వస్తుంది. చామంతి పగలు కురచగా ఉన్నప్పుడు పూసే మొక్క. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానిదే రాజ్యం. వైశాఖంలో అది కావాలంటే ఎవరో ఎక్కడో మొక్కలకు నల్లగుడ్డ కప్పి పగటిని కురచ చేయాల్సిందే. దూరం ఒక్కటే లెక్క కాదన్నదీ నిజమే. 2007లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ లెక్క ప్రకారం 12,000 గులాబీలకు కెన్యా తోటలైతే 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, హాలండ్ తోటలైతే 35 టన్నులు. కెన్యా పూల విమాన ప్రయాణం కలిపినా అంత తేడా, ఎందుకంటే హాలండ్‌లో గ్రీన్‌హౌస్‌ను వేడి చేయాలి. మన దగ్గర ఆ అవసరమే లేదు, బయట పొలంలో పూసే పువ్వే ఉంది. ఎండాకాలం పెళ్లికి బంతి, మల్లె, లిల్లీ అని మనం పిలిచే నెలసంపెంగ, కనకాంబరం చాలు. మల్లె మొగ్గలు తెల్లవారకముందు కోసినవైతేనే ఆ రాత్రికి విచ్చుకుంటాయి, మధ్యాహ్నం కోసినవి విచ్చకుండానే వాడతాయి.

స్టేజీ వెనక తెర మాత్రం చూడముచ్చటగా ఉంది. తాటాకు చీల్చి చాపలా అల్లి, వెదురు బద్దలకు కట్టి, మధ్యలో నెలసంపెంగ కుచ్చులు వేలాడదీశారు. తాటిచెట్లు పుష్కలంగా ఉన్న జిల్లాలో ఇంతకంటే సహజమైన సరుకు ఏముంటుంది! అల్లిక కట్టేముందు దాకా తడి గోనెపట్టా కింద ఉంచారు, అందుకే ఆకు చుట్టుకుపోలేదు.

బంతి దండలు నూలు దారంతో గుచ్చారు, నైలాన్ కాదు. పొడుగు దండ బరువుకు నూలు పైభాగంలో తెగే అవకాశం ఉంది. వీళ్లు రెండు పోగులు మెలేసి, మూడడుగులకోచోట అరటినారతో కట్టుకు ముడేశారు. ఒక్క దండా తెగలేదు. అరటినార పొడిగా ఉంటే విరుగుతుంది, పావుగంట నానబెట్టాలి. పువ్వు సైజును బట్టి మూరకు 15 నుంచి 20 బంతిపూలు పడతాయి. అంతకంటే తక్కువ వేసి సందుల్లో ఆకు దూర్చితే రేటు తగ్గించమనండి.

ఇంత చేసి మామిడి తోరణాలకు స్టేప్లర్ పిన్నులు కొట్టారు! చీపురుపుల్ల విరిచి కుట్టే పనికి పిన్ను దేనికి? ఆ తోరణాన్ని బయట పారేస్తే ఆవు తింటుంది, పిన్ను కడుపులో గుచ్చుకుంటుంది. పశువుల డాక్టర్లు తరచూ చూసే కేసే. పూలను కూడా పశువులకు వేయకండి. అలంకరణ పూల మీద కొట్టే మందులకు తిండి పంటలకున్న లెక్కలు ఉండవు.

తెల్లారి విప్పుకుని పోవడం చెప్పిన టైముకే జరిగింది. జాలీ, వెదురు, గంగాళాలు లెక్కపెట్టి తీసుకెళ్లారు. పూలు, ఆకులు మాత్రం ఒకే సంచిలో కుక్కి మున్సిపల్ బండికి ఎక్కించారు. ఎరువు చేయడానికి ఖర్చేమీ ఉండదు. దారాలు లాగేసి, ఒక బుట్ట పూలకు రెండు బుట్టల ఎండుటాకులు, పైన పిడికెడు పాతమట్టి వేయాలి. ఉత్త పూలే కుప్ప పోస్తే నీరు కారి కుళ్లువాసన వస్తుంది. వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో నల్లటి ఎరువు. ఆర్డరు కాగితం మీద నీళ్లు ఎక్కడివి, పూల పేర్లు, పిన్నులు లేని తోరణం, మిగిలిన పూలు ఎక్కడికి అన్నవి రాయించుకుంటే ఈ ప్యాకేజీ తీసుకోవచ్చు. ఇప్పుడున్నట్టు అయితే అయిదుకు మూడు.

దసరాకు ఇదే సర్వీసు బతుకమ్మ పూలు కూడా ఇస్తుంది. గునుగును గులాబీ, నీలం రంగుల్లో ముంచి కట్టలు కడుతున్నారు. ఆ రంగుపొడి బతుకమ్మతోపాటే చెరువులో కరుగుతుంది. పసుపు కలిపిన వేడినీళ్లలో ముంచితే పసుపురంగు వస్తుంది, అదే నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎరుపు తిరుగుతుంది. వేసవిలో ఎండబెట్టి దాచిన మోదుగపూలు మరిగిస్తే నారింజ. రంగు వేసిన గునుగును ఎండ తగలకుండా నీడలోనే ఆరబెట్టాలి. తంగేడు ముందురోజు తెస్తే రేకులు రాలతాయి, ఆ పొద్దున కోసిందే కావాలని చెప్పండి. రంగు వేయని తెల్ల గునుగు అడిగితే విడిగా ఇస్తున్నారు, కానీ ఒకరోజు ముందే చెప్పి పెట్టాలి.