ఎయిర్ రైఫిల్ క్లీనింగ్ కిట్: తాడుకు పూర్తి మార్కులు, ఫెల్ట్ బిళ్లలతోనే చిక్కు

మా అమ్మాయి షూటింగ్ నేర్చుకుంటోందని స్ప్రింగ్‌తో పనిచేసే 0.177 (అంగుళాల్లో గుండు సైజు) ఎయిర్ రైఫిల్ కొన్నాం. అనంతపురం పాతూరులో మా బావమరిది శెనక్కాయల గోడౌన్ ఉంది. అక్కడ 10 మీటర్లు కొలిచి, అట్ట వెనక మట్టి నింపిన గోనెసంచులు పేర్చాం. మొదటి యాభై పెల్లెట్లు, అంటే చిన్న సీసం గుళ్లు, తలా ఒక దిక్కు పోయాయి. "తప్పు నాదా, దీందా నాన్నా?" అని మొహం మాడ్చుకుంది.

అప్పుడు ఆన్‌లైన్లో 480 రూపాయలు పెట్టి ఈ క్లీనింగ్ కిట్ తెప్పించాను. తాడు, ఇత్తడి బ్రష్, గుడ్డముక్కలు, ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) బిళ్లలు, చిన్న నూనె సీసా.

మొదటి గుడ్డ నల్లటి జిడ్డుతో వచ్చింది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిందది. ఏడో గుడ్డకు గానీ తెల్లగా రాలేదు. మధ్యలో బూడిదరంగు చారలు కనిపించాయి, అది సీసం. కొత్త బ్యారెల్ లోపలి గాడుల్లో సన్నటి గరుకు ఉంటుంది, మెత్తటి పెల్లెట్‌ను అది గీకేస్తుంది. కాల్చేకొద్దీ నునుపవుతుంది. ఒక్కో గుండుకూ ఒకసారి తుడవాలని వీడియోల్లో చెప్పేది మందుగుండు రైఫిళ్ల సంగతి, నేను ఆ జోలికి పోలేదు. మొదట్లో యాభైకి ఒకసారి తుడిచాను, ఐదువందలు దాటాక గురి చెదిరితేనే. తుడిచిన వెంటనే కొట్టే ఇరవై మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, లోపల సీసం పల్చగా పట్టాకే గురి కుదురుకుంటుంది.

తాడు నాకు బాగా నచ్చింది. వెనక నుంచి దూర్చి మూతి వైపు లాగేస్తాం, కాబట్టి ఊచతో మూతి అంచు గీసుకుపోయే భయం లేదు. ఆ అంచు చెడితే గురి గోవిందా. బ్రష్ ఇత్తడిది, ఉక్కుకు హాని లేదు. గుడ్డలు రెండు రోజుల్లో అయిపోయాయి, పాత పంచె చింపాను.

ఫెల్ట్ బిళ్లలను పెట్టి కాల్చమని డబ్బా మీద బొమ్మ వేశారు. రెండు కాల్చాను, చప్పుడే మారిపోయింది. అంత తేలికైన బిళ్ల గాలిని ఆపదు, స్ప్రింగ్ తోసే పిస్టన్ వెళ్లి ఖాళీగా గుద్దుకుంటుంది. అమ్మినవాళ్లను అడిగితే "అన్ని రైఫిళ్లకూ సరిపోతుంది సార్" అన్నారు! నూనె కూడా బ్యారెల్ లోపల వేయలేదు, స్ప్రింగ్ రైఫిల్లో గాలి ఒత్తిడికి నూనెకు నిప్పు అంటుకుంటుంది. బయట తుడవడానికి వాడుతున్నా.

అన్నట్టు, మా పిల్ల ఆ సీసం చేతులతోనే బొరుగులు తినబోయింది. సబ్బు దగ్గరే పెట్టుకోండి.

ఐదుకు మూడున్నర. ఫెల్ట్ డబ్బా గోడౌన్ కిటికీలోనే ఉంది, పిస్టన్ లేకుండా, ముందే నింపిన గాలితో పనిచేసే పీసీపీ రైఫిల్ ఉన్నవాళ్లెవరైనా వచ్చి తీసుకుపోవచ్చు.