స్ప్రింగులా, షాక్‌లా, యాంటీ రోల్ బారా? రోడ్డు కారుకు ముందు ఏది మార్చాలి

మలుపు తిప్పగానే కారు పక్కకు ఒరిగిపోతోందని, స్టీరింగ్ మాట వెంటనే వినడం లేదని అనిపించినప్పుడు చాలామంది నేరుగా లోవరింగ్ స్ప్రింగుల దగ్గరికే వెళతారు. కారు కిందికి దిగి అందంగా కనిపిస్తుంది, ఒరగడమూ తగ్గుతుంది, ఇంకేం కావాలి అనుకుంటారు. నన్నడిగితే, రోజూ తిరిగే కారుకు ముందు చూడాల్సింది షాక్ అబ్జార్బర్లు, అంటే స్ప్రింగు ఊగడాన్ని అదుపు చేసేవి. ఆ తర్వాత అవసరమైతే యాంటీ రోల్ బార్, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని అడ్డుకునే కడ్డీ. స్ప్రింగులు అన్నిటికన్నా చివర.

ఎందుకో అర్థం కావాలంటే మలుపులో ఏం జరుగుతుందో చూడాలి. లోపలి చక్రాల మీది బరువులో కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. అది ఎంత అన్నది కారు బరువు, గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపు ఎంత గట్టిగా తీసుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఎత్తు మార్చకుండా గట్టి స్ప్రింగులు వేస్తే ఆ మొత్తం దాదాపు అలాగే ఉంటుంది. బాడీ ఒరగడం తగ్గుతుంది, పోయే బరువులో ముందు చక్రాల జత వాటా ఎంత, వెనక జత వాటా ఎంత అన్నది మారుతుంది. ఈ వాటాయే అసలు సంగతి. బరువు రెట్టింపైనా టైరు గ్రిప్ రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకని ముందు వైపు బిగిస్తే ముందు జత వాటా పెరిగి దాని గ్రిప్ తగ్గుతుంది, వెనక బిగిస్తే వెనక జతది తగ్గుతుంది. కారు నడత మార్చే పని చాలావరకు ఇక్కడే జరుగుతుంది.

ఇప్పుడు లోవరింగ్ స్ప్రింగుల సంగతి. గరిమనాభి 550 మి.మీ. ఎత్తులో ఉన్న కారును 30 మి.మీ. దించారనుకోండి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయే బరువు తగ్గేది 5 శాతం పైచిలుకు, అంతే. దానికి బదులుగా పోగొట్టుకునేది చిన్నదేం కాదు. చాలా కార్లకు ముందు వైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ కలిసి ఒకే నిలువు భాగంగా ఉండే అమరిక. అలాంటి కారు కింద ఒకసారి తొంగి చూడండి. చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే లోయర్ ఆర్మ్ సాధారణంగా దాదాపు సమాంతరంగా గానీ, చక్రం వైపు కాస్త కిందికి వాలి గానీ ఉంటుంది. కారును బాగా దించేశాక అదే ఆర్మ్ చక్రం వైపు పైకి లేచి కనిపిస్తుంది. అప్పుడు రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గరిమనాభి కన్నా వేగంగా కిందికి జారుతుంది, రెంటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే బాడీని ఒరిగించే బలానికి పట్టు ఇంకా దొరికినట్టే. గట్టి స్ప్రింగుతో వచ్చిన లాభంలో కొంత ఇక్కడే ఆవిరైపోతుంది. స్ట్రట్ నొక్కుకున్నప్పుడు చక్రానికి దొరికే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) తగ్గుతుంది, బయటి టైరు తన అంచు మీద నిలబడుతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారుతుంది కాబట్టి, గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ కదపకుండానే చక్రం కాస్త తిరగడం కొన్ని కార్లలో మొదలవుతుంది.

నాకు ఇంతకన్నా పెద్ద టెన్షన్ బంప్ స్టాప్‌ల గురించి, అంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు అడ్డుపడే రబ్బరు ముక్కల గురించి. దించిన కారులో చక్రం పైకి కదలడానికి జాగా తక్కువ. మంచి వేగంతో మలుపులో ఉండగా బయటి చక్రం కింద ఒక గతుకు వచ్చిందంటే సస్పెన్షన్ ఆ రబ్బరు స్టాప్‌కు తగులుతుంది. ఆ క్షణంలో ఆ మూల ఒక్కసారిగా బండబారిపోతుంది, ఆ టైరు గ్రిప్ ఉన్నట్టుండి పడిపోతుంది. అది ముందు చక్రమైతే కారు మలుపు దాటి బయటికి పోతుంది, వెనక చక్రమైతే వెనక భాగం విసురుతుంది. నున్నటి రోడ్డు మీద టెస్ట్ చేసినవాళ్లకు ఇది కనిపించదు. ఇక ఉన్న స్ప్రింగులనే కోయించడం గురించి ఒక్క మాట: వద్దు. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, కానీ కొస తన సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం గాల్లోకి లేస్తే ఊడిపోయే ప్రమాదం ఉంది.

యాంటీ రోల్ బార్ విషయంలో లెక్క వేరు. రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కితే అది ఊరికే తిరుగుతుంది, సౌకర్యానికి అడ్డు రాదు. మలుపులోనూ, ఒక్క చక్రమే గుంతలో పడ్డప్పుడూ మాత్రం పనిచేస్తుంది. దాని బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 20 మి.మీ. బార్ తీసి 22 మి.మీ. బార్ వేస్తే 46 శాతం గట్టిపడుతుంది. చేతితో పట్టుకుంటే తేడా తెలియనంత మార్పు, స్టీరింగ్ దగ్గర మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు భాగం తిరగనని మొరాయించే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు వెనక కాస్త లావు బార్ వేస్తే చాలా హాయిగా మలుపు తీసుకుంటుంది. ముందు లావు బార్ వేస్తే మలుపులోంచి బయటికి యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగే అవకాశం ఎక్కువ. వెనక చక్రాలు నడిపే కారైతే వెనక బార్ జోలికి తొందరపడి పోవద్దు. తడి రోడ్డు మీద ఆ తొందరకు మూల్యం గట్టిగానే ఉంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, షాక్ అబ్జార్బర్లు ఒక ఎత్తు. మలుపులో కారు స్థిరపడ్డాక ఎంత ఒరుగుతుందో షాక్ మార్చలేదు. ఎంత త్వరగా, ఎంత పద్ధతిగా ఒరిగి నిలబడుతుందో అదే తేలుస్తుంది. డ్రైవర్‌కు నమ్మకం వచ్చేదీ, పోయేదీ ఆ అరక్షణంలోనే. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ మెత్తటి స్ప్రింగుల కారు. మలుపులో ఒరిగేది కూడా. అయినా హ్యాండ్లింగ్ ప్రస్తావన వస్తే ఇప్పటికీ దాని పేరు చెప్పుకుంటారు. తేలికైన బాడీ, చక్రాన్ని రోడ్డు మీద నుంచి లేవనివ్వని డంపింగ్ (షాక్ ఊపును అణచడం) అందుకు పెద్ద కారణాలు.

లోవరింగ్ స్ప్రింగులు వేసి పాత షాక్‌లనే ఉంచేవాళ్లు మర్చిపోయేదీ ఇదే. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే అదే షాక్‌తో డంపింగ్ నిష్పత్తి (ఆ స్ప్రింగు ఊపును షాక్ ఎంతమేర అణచగలదన్న కొలత) సుమారు 12 శాతం పడిపోతుంది. కారు ఒరగడం తగ్గింది, కానీ గతుకు దాటాక ఇంకో ఊపు ఊగుతోంది. దీన్ని మెరుగు అని ఎలా అనగలం? అలాగని షాక్‌ను మరీ బిగించినా చక్రం రోడ్డుకు అంటుకోకుండా ఎగురుతుంది. కంపెనీ స్ప్రింగులకు సరిపడేలా చేసిన కాస్త గట్టి షాక్ చాలు. పాత షాక్ ఒంటి మీద నూనె తడి, టైరు మీద గుంటలు గుంటలుగా అరుగుదల కనిపిస్తే ఇక ఆలోచించే పనే లేదు.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాక్ జతలు) ట్రాక్‌కు కూడా వెళ్లేవాళ్లకు, నాలుగు మూలల బరువు తూచి సెట్ చేయించే ఓపిక ఉన్నవాళ్లకు బాగుంటాయి. కొన్న రోజు వీలైనంత కిందికి దించేసి మళ్లీ ముట్టుకోనివాళ్లకు అవి ఖరీదైన లోవరింగ్ స్ప్రింగులే.

స్ప్రింగులో స్ట్రట్‌లో మార్చారంటే టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ కొలిపించకుండా ఆ కారును వేగంగా నడపకండి, హెడ్‌లైట్ల దిశ కూడా సరిచేయించండి. ఇప్పటికే దించేసిన కారైతే షాక్ రాడ్డు మీద బంప్ స్టాప్‌కూ షాక్ ఒంటికీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో మెకానిక్‌తో చూపించుకోండి. వేలు కూడా పట్టనంత ఉంటే కారును కాస్త పైకి లేపించడమే అన్నిటికన్నా మంచి మాడిఫికేషన్.