చెవిలో హోరుకి కాక్లియర్ ఇంప్లాంట్: మూడేళ్లు వాడాక

ముందే చెప్తున్నా, హోరు పోలేదు. మెషీన్ పెట్టుకుంటే తగ్గుతుంది, తీస్తే అరగంటలో తిరిగొస్తుంది. ఈ మాట ఆపరేషన్‌కి ముందు నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెవి వినపడలేదు. స్టెరాయిడ్ మాత్రలు, తర్వాత కర్ణభేరిలోంచి ఇంజెక్షన్లు, ఏవీ పని చేయలేదు. వినికిడి పోయిన చోట హోరు మొదలైంది. కుక్కర్ విజిల్ వేసేముందు బుస కొడుతుంది చూడండి, విజిల్ రాకుండా ఆ బుసే ఏడాదిన్నర సాగితే అదీ నా పరిస్థితి. ఒక చెవి బాగానే ఉంది కదా అని అందరూ తేలిగ్గా తీసుకునేవాళ్లు.

ఇంప్లాంట్ అసలు వినికిడి కోసమే. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోకి సన్నని ఎలక్ట్రోడ్ల తీగ దూర్చి నరానికి నేరుగా కరెంటు ఇస్తారు. నరం నుంచి ఏమీ అందకపోతే మెదడు తనే వాల్యూమ్ పెంచుకుంటుందని, కరెంటుతో మళ్లీ కబురు అందితే తగ్గొచ్చని డాక్టర్ చెప్పారు. బెల్జియంలో ఒక చెవే పోయి హోరు భరించలేనివాళ్లకి ఇది పెట్టి 2008లో ఫలితాలు ప్రచురించారట. (1800లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త తను తయారుచేసిన బ్యాటరీ తీగల్ని సొంత చెవుల్లోనే పెట్టుకుంటే చిక్కటిదేదో ఉడుకుతున్నట్టు వినిపించిందట, భయపడి మళ్లీ ఆ జోలికి పోలేదు. నేను మాత్రం తొమ్మిది లక్షలు పోసి మరీ పెట్టించుకున్నా.)

ఆపరేషన్ తర్వాత రెండు నెలలు ఇరానీ చాయ్ కూడా ఇనుము నాకినట్టుండేది. నాలుగు వారాలకి స్విచ్ ఆన్ చేస్తే మా ఆవిడ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లలా వినిపించింది, కానీ హోరు పదికి ఏడుకి దిగింది, ఆర్నెల్లకి మూడు. ఒక మ్యాపింగ్‌లో, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటో సరిచేసే సిట్టింగ్‌లో, ఆడియాలజిస్ట్ కరెంటు పెంచుతుంటే కన్ను కింద కండ టకటకా అదిరింది, ముఖం నరానికి తగులుతోందని ఆ ఒక్క ఎలక్ట్రోడ్ ఆపేశారు.

రోజువారీ తిప్పలు వేరే. హెల్మెట్ తీసినప్పుడల్లా, అయస్కాంతంతో తలకి బయట అంటుకునే కాయిల్ ఊడి వేలాడుతుంది, అందుకే బండి మానేసి మెట్రో ఎక్కుతున్నా. వానాకాలంలో రాత్రిళ్లు ప్రాసెసర్‌ని (బయట పెట్టుకునే మెషీన్ అదే) తేమ పీల్చే డ్రై బాక్స్‌లో పెట్టకపోతే మొరాయిస్తుంది. ఒకసారి నిమజ్జనంలో డప్పుల మధ్య గంటసేపు నిలబడ్డా, రెండ్రోజులు హోరు మళ్లీ ఏడుకెక్కి కూర్చుంది. ఎమ్మారై అంటే లోపల మాగ్నెట్ ఉందని ముందే చెప్పుకోవాలి.

తెలిసినవాళ్లు ఫోన్ చేసి మేమూ చేయించుకోవాలా అని అడుగుతుంటారు. చెవి బాగా వినిపిస్తుంటే వద్దనే చెప్తా, ఎందుకంటే ఆ తీగ వెళ్లేటప్పుడు ఉన్న వినికిడి కూడా పోవచ్చు. నాకు పోవడానికేం మిగల్లేదు, అందుకే చేయించుకున్నా, ఇప్పుడు పగలంతా మనిషిలా పనిచేసుకోగలుగుతున్నా. రాత్రి ప్రాసెసర్ తీశాక ఆ చప్పుడులో హోరు మరుగునపడుతుందని ఫ్యాన్ ఐదులో పెట్టి, బాగా వినిపించే ఎడమ చెవి పైకి ఉండేలా పడుకుంటా, చలికాలంలో ఇంట్లోవాళ్లు తిడుతూనే ఉంటారు.