విజిటింగ్ కార్డు వేసే ముందు నా పనేంటో అడిగిన షాపు

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సందులో ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ షాపులో విజిటింగ్ కార్డులు వేయించుకున్నాను. కార్డు బాగుంది. అయితే ఇంత రాయడానికి కారణం మాత్రం ఆ షాపు మాస్టారు అడిగిన ప్రశ్నలే.

మాది పలాస. కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో జీడిపప్పు తీసుకుని, శ్రీకాకుళం, విజయనగరం స్వీటు షాపులకు, కేటరింగ్ వాళ్లకు వేస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏటి చేస్తున్నావమ్మా?" అంటే "జీడిపప్పు బిజినెస్" అనేదాన్ని. వెంటనే "కేజీ ఎంతకిస్తావు?" అనేవారు, మాట అక్కడితో సరి. కొందరు నాకు ఫ్యాక్టరీ ఉందనుకునేవారు, కొందరు పిక్కలు కొట్టడానికి వెళ్తున్నాననుకునేవారు. పిక్కలు కొట్టడం చిన్న పనేం కాదు. మా అమ్మ చేసింది అదే. ఆ జీడి రసానికి చేతులు పొక్కిపోతాయి.

మాస్టారికి కూడా పేరు కింద "క్యాషూ మర్చంట్" అని వేయమన్నాను. ఆయన టైపు చేయడం ఆపి, "ఫ్యాక్టరీ దగ్గరే కొనుక్కోవచ్చు కదమ్మా, మీ దగ్గరకే ఎందుకు రావాలి?" అన్నారు.

అప్పుడు చెప్పాను. కాజూ కట్లీకి ఎలాగూ పొడి చేస్తారు, తెల్లటి ముక్క చాలు. గుండు పప్పు, అంటే విరగని పూర్తి పప్పు, వేస్తే డబ్బు దండగ. పులావుకి బద్ద, అంటే రెండుగా విడిన పప్పు, సరిపోతుంది. గిఫ్టు బాక్సుకైతే 240 గ్రేడు ఉండాలి. అంటే పౌనుకి, మన లెక్కలో సుమారు 453 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు తూగాలి. 320 గ్రేడంటే 300 నుంచి 320. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా నేను విప్పి, తూచి, లెక్కపెట్టాకే పంపుతాను.

ఆయన అంతా విని ఒక్క లైను టైపు చేశారు: "మీ వంటకానికి తగిన జీడిపప్పు, గ్రేడు లెక్క చూసి ఇస్తాం." నాకు చాలా సంతోషమేసింది. ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. "అయితే పాయసంలోకి ఏది మంచిది?" అని కూర్చోబెట్టి మరీ అడుగుతున్నారు.

ఇక ప్రింటింగ్ సంగతి. తెలుగు మేటర్ వాట్సాప్‌లో పంపినా, చాలా డీటీపీ షాపుల్లో వాడే అను అనే తెలుగు ఫాంట్లలోకి అది నేరుగా రాదు, కన్వర్టరుతో మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. తప్పులు దొర్లేది అక్కడే. నా మొదటి ప్రూఫులో, అంటే అచ్చుకి ముందు చూపించే నమూనాలో, "గ్రేడు"లో క్రారవడి (ర వత్తు) పక్కకి జరిగిపోయింది. చెప్పగానే విసుక్కోకుండా సరిచేశారు. వెనక వైపు లామినేషన్ వద్దని సలహా ఇచ్చిందీ ఆయనే. నేను అక్కడ ఆ రోజు రేటు పెన్నుతో రాసిస్తాను, ప్లాస్టిక్ పొర మీద బాల్‌పెన్ సరిగా పడదు.

లోటు ఒక్కటే, టైముకి ఇవ్వరు. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల కట్టల మధ్య మన కార్డులు వెనకబడతాయి, ఫోను కూడా ఎత్తరు. నేను రెండుసార్లు ఊరికే తిరిగాను. కాబట్టి మూఢం రోజుల్లో ఇవ్వండి. ప్రూఫు ఫోనులో కాకుండా కాగితం మీద తీయించి చూసుకోండి.