ఆరేళ్లుగా వాడుతున్న బ్యాచ్ ఫైలు: ఆగస్టొస్తే అలిగేది

మాది అంబాజీపేట దగ్గర ఊరు. నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. రైతులకిచ్చిన అడ్వాన్సులు, కురిడీ (ఎండు కొబ్బరి) లోడు లెక్కలు అన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్సెల్లోనే. వానాకాలం కరెంటును నమ్మలేం కాబట్టి, రోజూ రాత్రి ఆ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేలా విండోస్ బ్యాచ్ ఫైలొకటి (అందులో రాసిన ఆదేశాల్ని వరసగా నడిపేది) రాసిపెట్టి కాకినాడ వచ్చేశాను. నాన్నగారు దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు. ఆరేళ్లయింది, ఇప్పటికీ అదే.

మొదటి వారమే టెన్షన్ పెట్టింది. కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే ఆదేశం వాడి, ఎర్రర్‌లెవెల్ (పని ముగిశాక ఆదేశం తిరిగిచ్చే అంకె) 1 వస్తే ‘బ్యాకప్ ఫెయిల్’ అని చూపించమన్నాను. ‘‘ఏరా, ఇవాళ కూడా ఫెయిలేనంట’’ అని రోజూ ఫోను. తీరా చూస్తే ఫైళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. మామూలుగా సున్నా కాకపోతే తప్పు జరిగినట్టు. రోబోకాపీలో 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని, 0 అంటే కాపీ చేసేదేమీ లేదని. 8, ఆపైన వస్తేనే లోపం. పని జరిగిన రోజల్లా ఫెయిలని అరిచి, లెక్కలు రాయని ఆదివారం మాత్రం నోరు మూసుకుందన్నమాట.

దాన్ని మించింది ఆగస్టు. కొత్త నెల రాగానే కిందటి నెల ఫోల్డరును పక్కన పెట్టాలని, నెల అంకెలోంచి 1 తీసేసే లైను చేర్చాను (జనవరికి 12 రావాలన్నది వేరే గొడవ). జూలై దాకా బాగానే నడిచింది. ఆగస్టు 1న ఫోల్డరు కదల్లేదు, నల్ల విండో ఏదో చెప్పబోయి మాయమైంది. విండో మూసుకుపోకుండా చివర్లో పాజ్ పెట్టి చూస్తే, అంకె చెల్లదంటోంది! తేదీలోంచి నెల 08 అని వస్తోంది. బ్యాచ్ ఫైల్లో లెక్కలు చేసే ఆదేశం సెట్ స్లాష్ ఏ (set /a), ముందు సున్నా ఉంటే దాన్ని ఆక్టల్ (0 నుంచి 7 దాకా ఎనిమిది అంకెలతోనే లెక్కించే పద్ధతి) అనుకుంటుంది. అందులో 7 దాటి అంకె లేదు. 07 సరే, 08, 09 మాత్రం కుదరవు. నేను బద్ధకించి ఉంటే అక్టోబరులో దానంతటదే బాగయ్యేది, వచ్చే ఆగస్టుకి మళ్లీ పడకేసేది. మందు చిన్నదే: ముందు 1 తగిలించి 108 చేసి, 100 తీసేయడం.

ల్యాప్‌టాప్ మార్చినప్పుడు తేదీ వరస అమెరికా పద్ధతిలోకి వెళ్లి ఫోల్డర్ల పేర్లు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. రీజియన్ సెట్టింగు మార్చాక సర్దుకుంది.

విండోస్‌లోనే ఉండే మరో ఆదేశాల భాష పవర్‌షెల్‌లో తేదీల లెక్క చాలా నయం. మారుద్దామనే పండక్కి వెళ్లినప్పుడు రాసి చూపించాను. రెండుసార్లు నొక్కితే ఆ ఫైలు నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు. ‘‘ఇదెందుకొచ్చిన గొడవరా, ఆ నల్లదే ఉంచు’’ అన్నారు.