అమ్మానాయినల హెల్త్ పాలసీ: ఏడేళ్ళు వాడాక నా అభిప్రాయం

2018లో అమ్మకు, నాయినకు కలిపి ఒక ప్రైవేటు కంపెనీలో ఐదు లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకున్నాను. మాది నల్గొండ. రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. 2007లో ఆ పథకం మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. కార్డు ఉన్న ఇంటికి అది పెద్ద అండ. లేనివాళ్ళకు ప్రీమియం కట్టుకోవడమే దారి.

మొదటి ఏళ్ళలో ఏ ఇబ్బందీ రాలేదు. నాయిన కంటి శుక్లాల ఆపరేషన్‌కు క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) వెంటనే వచ్చింది. యాప్ బాగానే పనిచేస్తుంది. నెట్‌వర్క్ ఆసుపత్రులు హైదరాబాద్‌లో బోలెడు, మన దగ్గర తక్కువ. ప్రీమియం మాత్రం వయసుతోపాటు ఎక్కుతూ పోయింది. 2025 జనవరి నుంచి సీనియర్ సిటిజన్లకు ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలన్న నియమం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. ఈ రెండూ నిజంగా మేలు చేశాయి.

అసలు పరీక్ష 2025లో అమ్మ మోకాలు మార్పిడి అప్పుడు వచ్చింది. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరిగింది. ఆ తరం వాళ్ళలో మోకాళ్ళు, నడుము నొస్తలేవన్న మనిషిని వెతకాలి. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టర్ "నొప్పులు ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాడు. అమ్మ "ఎప్పటి సందో బిడ్డా, పదేండ్ల నుంచి నొస్తనే ఉన్నయి" అన్నది. ఆయన కేస్ షీట్లో ఒక్క లైను రాసుకున్నాడు: మోకాళ్ళ నొప్పి, పదేళ్ళుగా. సాయంత్రానికి క్యాష్‌లెస్ రద్దయింది. తర్వాత రీయింబర్స్‌మెంట్ (మనం కట్టిన బిల్లు డబ్బు తిరిగి ఇవ్వడం) కూడా తిరస్కరించారు. కారణం: ముందే ఉన్న జబ్బును దాచారు.

నాకు ఇక్కడే మండింది. బీపీ, షుగర్ రెండూ 2018లో పాలసీ కోసం నింపిన ప్రపోజల్ ఫారంలో రాసే ఉన్నాయి. మోకాళ్ళ కోసం అమ్మ అప్పటికి ఏ డాక్టర్ గడపా తొక్కలేదు. ముందే ఉన్న జబ్బు అంటే పాలసీకి ముందు నిర్ణీత కాలంలో డాక్టర్ నిర్ధారించినదో, డాక్టర్ సలహాతో చికిత్స తీసుకున్నదో అని నియమాలే చెబుతున్నాయి. ఆ కాలం ఇదివరకు 48 నెలలు, 2024 నుంచి 36. ఊరి నీళ్ళు తాగి నొప్పి పడటం ఆ లెక్కలోకి రాదు. పైగా పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదు. దీన్నే మారటోరియం అంటారు. ఎనిమిదేళ్ళున్న దాన్ని 2024లో ఐదుకు తగ్గించారు. మాది ఏడో ఏడు.

కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాస్తే మొదటి ఉత్తరాన్నే మళ్ళీ పంపారు. అప్పుడు పాలసీదారులకు, కంపెనీలకు మధ్య గొడవలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్‌కు రాశాను. తెలంగాణకు ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్నాక, లేదా నెల దాటినా బదులివ్వకపోతే, ఏడాదిలోపు వెళ్ళాలి. యాభై లక్షల దాకా వివాదాలు చూస్తారు. ప్రపోజల్ ఫారం కాపీ, ఏటేటి రెన్యూవల్ రసీదులు, డిశ్చార్జ్ సమ్మరీ జత చేశాను. విచారణలో "2018కి ముందు ఏ డాక్టర్ దగ్గర చూపించుకున్నట్టు మీ దగ్గర కాగితం ఉంది?" అని కంపెనీవాళ్ళను అడిగారు. చూపించలేకపోయారు. డబ్బు వచ్చింది, కానీ మేం అప్పటికే అప్పు చేసి బిల్లు కట్టేశాం.

ఆ వార్డులోనే దేవరకొండ వైపు నుంచి వచ్చిన ముసలామె ఉండేది. కొడుకు హమాలీ. వాళ్ళకూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది, పూర్తిగా ఇంగ్లీషులో. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, మిత్తికి తెచ్చి బిల్లు కట్టాడు. నేను అంబుడ్స్‌మన్ గురించి చెబితే "పని ఇడిసిపెట్టి ఎవరు తిరుగుతరన్నా" అన్నాడు. కంపెనీలు కాదనేది ఇలాంటివాళ్ళనే, తిరిగి అడగరని తెలిసే కాదంటాయని నా గట్టి నమ్మకం. తిరస్కరణ ఉత్తరం తెలుగులో ఉండాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో అందులోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఐఆర్‌డీఏఐ ఇది తప్పనిసరి చేయాలి.

తీసుకునేవాళ్ళు ఫారం ఏజెంటుతో నింపించినా, సంతకం పెట్టే ముందు ప్రతి గడీ ఇంటి పెద్దలకు తెలుగులో చదివి వినిపించండి, ఫొటో తీసి పెట్టుకోండి. చేరేటప్పుడు కేస్ షీట్లో ఏం రాస్తున్నారో పక్కనే నిలబడి చూడండి. నొప్పికి, నిర్ధారణకు తేడా ఉందని, రెండూ వేరుగా రాయమని డాక్టర్‌ను అడగండి. 155255 ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు. బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టవచ్చు.

ఐదుకు రెండు ఇస్తాను. ఆ రెండూ నాయిన కంటి ఆపరేషన్‌కు. పాలసీ మాత్రం ఈసారి పోర్టబిలిటీలో వేరే కంపెనీకి మారుస్తున్నాను. పూర్తయిన వెయిటింగ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వక ఆగే కాలం), మారటోరియం ఏళ్ళు మనతోనే వస్తాయి. ఈసారి ఫారంలో మోకాళ్ళ సంగతి మొదటి లైన్లోనే రాయించాను.