పాలిప్ కోడ్ ఇలా నేర్పాలి: అమీర్‌పేట కోడింగ్ క్లాస్ గురించి

బీఫార్మసీ అయ్యాక మైత్రివనం దగ్గరున్న ఈ ఇన్‌స్టిట్యూట్‌లో మెడికల్ కోడింగ్‌లో (పేషెంట్ జబ్బులనూ చికిత్సలనూ ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్స్‌గా రాసే పని) చేరాను. అన్ని క్లాసుల గురించీ రాయను. డైజెస్టివ్ (జీర్ణవ్యవస్థ) చాప్టర్ చెప్పిన మేడమ్ గురించి మాత్రం చెప్పి తీరాలి.

పెద్దపేగులో పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) అనగానే బ్యాచ్ అంతా దాని మామూలు కోడ్ కె63.5 రాసేసేది. మేడమ్ ఊరుకునేవారు కాదు. "కొలనోస్కోపీ నోట్ చదివావు సరే, పాథాలజీ రిపోర్ట్ ఏదమ్మా?" అనేవారు. కొలనోస్కోపీ అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష; పాథాలజీ రిపోర్ట్ అంటే తీసిన కండ ఏ రకమో ల్యాబ్ తేల్చి చెప్పేది.

ఒకరోజు పేరూ వివరాలూ తీసేసిన అమెరికా చార్ట్ ఒకటి తెర మీద పెట్టారు. స్క్రీనింగ్‌కి, అంటే లక్షణాలేవీ లేకుండా ముందుజాగ్రత్త పరీక్షకి వచ్చిన పేషెంట్. హెపాటిక్ ఫ్లెక్షర్ (కాలేయం దగ్గర పెద్దపేగు తిరిగే మలుపు) దగ్గర చిన్న పాలిప్, స్నేర్‌తో (తీగ ఉచ్చుతో) తీశారు. పాథాలజీలో ట్యూబ్యులర్ అడినోమా (ఇప్పటికి క్యాన్సర్ కాకపోయినా ముందు ముందు అలా మారగల రకం) అని తేలింది. అంటే కె63.5 పోయింది, క్యాన్సర్ కాని పేగు గడ్డల కోడ్స్ ఉండే డి12లోకి వెళ్లాలి. అక్కడా చాలామందిమి అసెండింగ్ కోలన్ (పెద్దపేగులో పైకి వెళ్లే భాగం) అనుకుని డి12.2 వేశాం. మేడమ్ జవాబు చెప్పకుండా ట్యాబ్యులర్ లిస్ట్ (కోడ్ బుక్‌లో కోడ్స్ వరుసగా ఉండే జాబితా) తెరిపించారు. హెపాటిక్ ఫ్లెక్షర్ ట్రాన్స్‌వర్స్ కోలన్ (అడ్డంగా ఉండే భాగం) కింద, డి12.3లో ఉంది! అదే హైపర్‌ప్లాస్టిక్ (సాధారణంగా ప్రమాదం లేని రకం) అని వస్తే కె63.5 సరిపోయేది, రెక్టమ్‌లో (పురీషనాళంలో) అయితే కె62.1.

ఇంకా అయిపోలేదు. స్క్రీనింగ్‌కి వచ్చాడు కాబట్టి పాలిప్ దొరికినా మొదట రావాల్సింది పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ కోడ్ జెడ్12.11. అది వదిలేస్తే ఇన్సూరెన్స్ కట్టాల్సిన డబ్బు ఆ పేషెంట్ నెత్తిన పడొచ్చని ఆవిడ చెప్పారు. ఎక్కడో ఉన్న మనిషి జేబు మన చేతిలో ఉందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఈ ఒక్క క్లాసుకే ఫీజు గిట్టుబాటయింది.

లోపం మెటీరియల్‌లో ఉంది. పాత పాలిప్ హిస్టరీకి అందులో ఇంకా జెడ్86.010 అనే ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి అది చెల్లదు. అడినోమా, సెరేటెడ్ (రంపపు పళ్లలా కనిపించే) రకాలకు జెడ్86.0101, హైపర్‌ప్లాస్టిక్‌కు జెడ్86.0102 అని విడగొట్టారు. మేడమ్ బోర్డు మీద రాసి దిద్దించారు కానీ, క్లాసుకి రాని రోజు ఇంట్లో మెటీరియల్ చదువుకునేవాళ్ల సంగతేంటి? ఏటా అక్టోబర్‌లో కోడ్స్ మారతాయని తెలిసీ పాత జిరాక్సులే పంచడం బాగాలేదు. చేరేవాళ్లు ఈ ఏడాది కోడ్ బుక్ సొంతంగా కొనుక్కోండి. డైజెస్టివ్ చాప్టర్ ఎవరు చెబుతారో కౌంటర్‌లో ముందే అడగండి.